బ్రహ్మవిహారం: దైవాన్ని మైత్రిగా గ్రహించడం

ఈశ్వరుడు లోకాన్ని నిర్మించిన కర్తయా, లేక అవధులు లేని ప్రేమకే ఆ పేరు చెల్లుతుందా అనే ప్రశ్న బౌద్ధ వాఙ్మయానికి కొత్తది కాదు. దీఘనికాయంలోని రెండు సుత్తాలను పక్కపక్కన ఉంచి చదివితే ఈ విషయంలో బౌద్ధ దృష్టి స్పష్టమవుతుంది.

మొదటిది బ్రహ్మజాల సుత్తం. లోకం తిరిగి వికసించే కాలంలో ఒక జీవి శూన్యమైన బ్రహ్మవిమానంలో అందరికంటె ముందు జన్మిస్తాడు. ఏకాంతం భరించలేక తోడు కోరుకుంటాడు. అంతలో ఆయువో పుణ్యమో తీరిన ఇతర జీవులు ఆభస్సర లోకం నుండి అక్కడికి చేరుతారు. తన కోరికవల్లనే వారు పుట్టారని అతడు తలుస్తాడు. తమకంటె ముందే ఉన్నాడు కనుక అతడే తమ కర్త అని వారూ నమ్ముతారు. కాలక్రమంలో ముందుండడాన్ని కారణంగా భ్రమించడమే ఇక్కడ కర్తృత్వ భావనకు మూలం.

రెండవది తేవిజ్జ సుత్తం. బ్రహ్మతో సహవాసానికి ఏది సరైన మార్గమని వాదించుకున్న వాసెట్ఠ, భారద్వాజులనే యువకులు అచిరవతీ నదీతీరాన బుద్ధుని ఆశ్రయిస్తారు. బ్రహ్మను కన్నులారా చూసినవారు ఎవరైనా ఉన్నారా అని ఆయన మొదట అడుగుతాడు. పిమ్మట బ్రహ్మ స్వభావాన్ని ప్రస్తావిస్తాడు. బ్రహ్మకు వైరం, ద్వేషం లేవని వాసెట్ఠుడే అంగీకరిస్తాడు. అట్లయితే వైరంతో నిండిన చిత్తానికి వైరం లేనివానితో పొత్తు ఎట్లు కుదురుతుంది? మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్షలను శంఖధ్వనివలె నలుదిక్కులా వ్యాపింపజేయడమే ఆ మార్గమని బుద్ధుడు బోధిస్తాడు.

ఈ మైత్రికి షరతు లేదనడానికి పరీక్ష ఏది? విసుద్ధిమగ్గం తొమ్మిదవ పరిచ్ఛేదం ఒక ఉదాహరణ ఇస్తుంది. భిక్షువు తన ప్రియునితో, మధ్యస్థునితో, శత్రువుతో కూర్చుండగా దొంగలు వచ్చి చంపడానికి ఒకరిని ఇమ్మంటారు. శత్రువును చూపితే సరే, తన్ను తీసుకొమ్మన్నా ఆ భిక్షువు మైత్రికి ఇంకా హద్దు మిగిలినట్లే. నలుగురిలో ఎవరినీ ఇవ్వదగినవానిగా చూడనప్పుడే హద్దులు చెరిగినట్లు.

ఆంధ్రదేశంలో ఈ భావన రాజగృహాలను సైతం తాకింది. సంప్రదాయం శాతవాహన రాజుకు ఉపదేశంగా చెప్పే రత్నావళిలో నాగార్జునుడు, ప్రతిదినం చేసే గొప్ప అన్నదానం కంటె క్షణకాలపు మైత్రి పుణ్యమే అధికమంటాడు. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకు శాంతమూలుడు అశ్వమేధ, వాజపేయాలు చేసిన మహాసేన భక్తుడు. అతని సోదరి శాంతిశ్రీ నాగార్జునకొండ మహాచైత్యానికి పోషకురాలు. వీరపురుషదత్తుని 6వ రాజ్యవర్షంలో నిలిపిన ఆయక స్తంభ శాసనాలలో ఆమె తన నిర్వాణంతోపాటు సర్వలోకానికి హితసుఖాలను కోరింది. ఒకే కుటుంబంలో యజ్ఞం, చైత్యం రెండూ నిలిచాయి.

అయితే బ్రహ్మవిహారమే గమ్యం కాదు. దాని ఫలం బ్రహ్మలోకమే, అదీ అనిత్యమే. ప్రజ్ఞ తోడైనప్పుడే విముక్తి. కాబట్టి మైత్రిని మరొక ఈశ్వరునిగా నిలపడం బౌద్ధానికి సమ్మతం కాదు. దైవమని ఆరాధించిన గుణాన్ని సాధకుడు తన చిత్తంలో పెంపొందించుకోవడమే దాని అభిమతం.