డి.ఎన్.ఎ.కు గండి పడితే పూడ్చేదెవరు?



కాలువ గట్టుకు గండి పడితే ఏమవుతుందో రేపల్లె వైపు నుంచి వచ్చిన వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. నీళ్లు చేలమీద పడకముందే ఊరంతా ఇసుక బస్తాలతో పరుగెత్తాలి. ఆలస్యమైతే ఆ ఏటి పంట పోయినట్టే. మన ఒంట్లోని ఒక్కో కణంలో డి.ఎన్.ఎ.కు ఇలాంటి దెబ్బలు రోజుకు కొన్ని వేలు తగులుతుంటాయి. అయినా మనం హాయిగా తిరుగుతున్నామంటే, ఆ గండ్లను ఎప్పటికప్పుడు పూడ్చే పనివాళ్లు మనలోనే ఉన్నారు. వాళ్లే ప్రొటీన్లు.

ప్రొటీన్ అనగానే మనకు గుడ్డూ పప్పూ గుర్తొస్తాయి. కానీ కణంలో పనులన్నీ చేసేవి కూడా ప్రొటీన్లే. వాటిలో రసాయన చర్యలను నడిపించే వాటిని ఎంజైములు అంటారు.

డి.ఎన్.ఎ. అంటే ఒకదానికొకటి పెనవేసుకున్న రెండు పోచలు. అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అనే నాలుగు క్షారాలే అందులోని అక్షరాలు. అడినిన్‌కు ఎదురుగా థైమిన్, గ్వానిన్‌కు ఎదురుగా సైటోసిన్ ఉంటాయి. మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఇలాంటి జతలు 600 కోట్లకు పైగా ఉన్నాయి. కణం రెండుగా విడిపోయే ముందు ఇదంతా తప్పు లేకుండా రెండో ప్రతి రాయాలి. దీన్నే ప్రతికృతి అంటారు.

ఈ పనిలో ఎవరి వంతు వారిది. హెలికేజ్ అనే ఎంజైము రెండు పోచలనూ విడదీస్తుంది. విడిపోయిన పోచలు మళ్లీ అతుక్కోకుండా మరికొన్ని ప్రొటీన్లు పట్టుకుంటాయి. ప్రైమేజ్ మొదటి నాలుగు మాటలు రాసి పెడితే, పాలిమరేజ్ అక్కడి నుంచి అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోతుంది. ముక్కలు ముక్కలుగా తయారైన చోట లైగేజ్ అతుకు వేస్తుంది. మొదటి డి.ఎన్.ఎ. పాలిమరేజ్‌ను 1956లో బాక్టీరియాలో కనుగొన్న ఆర్థర్ కోర్న్‌బర్గ్‌కు 1959లో నోబెల్ బహుమతి వచ్చింది.

మనం రికార్డు బుక్కు కాపీ చేసేటప్పుడు తప్పులు రాసినట్టే, పాలిమరేజ్ కూడా సుమారు లక్ష అక్షరాలకు ఒకటి తప్పు వేస్తుంది. తెనాలి ప్రెస్సుల్లో అచ్చుకు ముందు ప్రూఫులు దిద్దుతారు కదా! అలాగే పాలిమరేజ్ వెనక్కి జరిగి, తాను వేసిన తప్పు అక్షరాన్ని తీసేసి సరైనది పెడుతుంది. అప్పటికీ మిగిలిన వాటిని వేరే ప్రొటీన్ల జట్టు ఒకటి వచ్చి సరిచేస్తుంది. చివరకు దాదాపు 100 కోట్ల అక్షరాలకు ఒక్క తప్పు మిగులుతుంది.

రాసిన తరువాత కూడా డి.ఎన్.ఎ.కు కష్టాలు తప్పవు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పక్కపక్కనున్న రెండు థైమిన్లను అంటించేస్తాయి. అప్పుడు కొన్ని ప్రొటీన్లు కలిసి, ఆ చోట దాదాపు 30 అక్షరాల ముక్కను కత్తిరించి కొత్తది వేస్తాయి. పుట్టుకతోనే ఈ ప్రొటీన్లలో లోపం ఉన్న పిల్లలు కొందరున్నారు. వాళ్లకు మామూలు ఎండ తగిలినా చిన్న వయసులోనే చర్మ కాన్సర్ వస్తుంది. ఈ జబ్బు పేరు జీరోడెర్మా పిగ్మెంటోసమ్. ఇలాంటి మరమ్మతుల గుట్టు విప్పినందుకే 2015లో లిండాల్, మోడ్రిచ్, సంజార్ అనే ముగ్గురికి నోబెల్ ఇచ్చారు.

ఈ కథలో మన తెలుగు నేలకూ చోటుంది. మెదడులోని నాడీకణాలు చాలావరకు మళ్లీ విభజన చెందవు. పుట్టినప్పటి డి.ఎన్.ఎ.నే జీవితాంతం బాగుచేసుకుంటూ బతకాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ కల్లూరి సుబ్బారావు గారి బృందం ఎలుకల నాడీకణాల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. వయసు మళ్లిన ఎలుకల్లో గండి పూడ్చే శక్తి తగ్గిపోతుందని చూపింది. ఆ కణాల సారానికి పాలిమరేజ్-బీటా, లైగేజ్ అనే రెండు ప్రొటీన్లనూ బయటి నుంచి కలిపితే ఆ శక్తి తిరిగి వచ్చిందని 2005లో ప్రకటించింది. అంటే గట్టు పాడైపోలేదు, పనివాళ్లు తగ్గారన్న మాట.

మరో సుబ్బారావు గారు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ వారు. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. థైమిన్ తయారవ్వాలంటే ఈ విటమిన్ కావాలి. అది తక్కువైతే థైమిన్ ఉండాల్సిన చోట యురాసిల్ అనే వేరే అక్షరం వచ్చి కూర్చుంటుంది. దాన్ని తీయబోయి మళ్లీ అదే తప్పు పెట్టి, చివరకు పోచలు తెగుతాయి. రక్తకణాలు సరిగా తయారుకాక రక్తహీనత వస్తుంది. పాలిమరేజ్ ఎంత నేర్పరి అయినా అక్షరాలే లేకపోతే ఏం పేరుస్తుంది?

వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలో ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. హాస్టల్లో ఉన్నప్పుడు నేనూ దాన్ని నాలుక కింద దాచి, సార్ అటు తిరగ్గానే కిటికీలోంచి ఊసేసినవాణ్ణే. అది ఎందుకిస్తున్నారో పీజీకి వచ్చాకగానీ తెలియలేదు. మీకు ఇప్పుడే తెలిసింది కాబట్టి అన్నం తిన్న తరువాత మింగండి. పప్పులో ఆకుకూరను ఏరి పళ్లెం అంచున పెట్టకండి.

రెండో మాట గుట్కా, సిగరెట్ల గురించి. పొగాకులోని విషాలు నేరుగా డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తాయి. పనివాళ్లు పూడ్చేకొద్దీ మనమే గట్టు తవ్వుతుంటే ఏదో ఒకరోజు ఒక గండి మిగిలిపోతుంది. కాన్సర్ అక్కడే మొదలవుతుంది.

“వాళ్ల రక్తంలోనే అంతే” అనే మాట మనలో చాలామంది విన్నాం. బాపట్ల వాడైనా బోస్టన్ వాడైనా కణంలో గండి పూడ్చేది ఈ పాలిమరేజూ ఈ లైగేజే. ఆ మాట ఇంకెవరైనా అంటే ధైర్యంగా ఈ పాఠం చెప్పండి.