నూనెను జీర్ణించు సూక్ష్మజీవులు

పండుగ మరునాడు మన యింటి తూమును పరికించినచో నీటిమీద తేలు జిడ్డుతెట్టు కనుపించును. అది గారెలు, బూరెలు వండిన మూకుడును కడిగిన నీరు. ఎంత నీరు పోసినను ఆ జిడ్డు నీటితో కలియదు. అది పేరుకొన్నచో తూము పూడిపోవును. చెరువునకు చేరినచో పైన పరచుకొని నీటిలోనికి గాలి దిగకుండ అడ్డగించును. అప్పుడు చేపలకు ఊపిరి యాడదు. అయినను, అనాదిగా చచ్చిన జంతువుల క్రొవ్వును, రాలిన గింజల నూనెయు నేలపై గుట్టలుగా పేరుకొనలేదు గదా! వానిని తొలగించు పనివారెవరు? మంటియందును నీటియందును వసించు సూక్ష్మజీవులే.

నూనె, నెయ్యి, క్రొవ్వు అన్నియు నొకే జాతి పదార్థములు. గ్లిజరిన్‌కు మూడు క్రొవ్వు ఆమ్లపు గొలుసులు తగులుకొనుటచే వాని అణు వేర్పడును. అంతటి పెద్ద అణువు సూక్ష్మజీవి దేహములోనికి దూరజాలదు. కావున ఆ జీవి లైపేజు అను ఎంజైమును వెలికి స్రవించును. లైపేజు నీటి సాయమున ఆ గొలుసులను విడదీయును. విడివడిన తునకలను జీవి లోనికి గ్రహించి ఆహారముగా వాడుకొనును. గాలి యున్నచోట అవి తుదకు బొగ్గుపులుసు వాయువుగాను నీరుగాను మారును. గాలి లేనిచోట మండెడి మీథేన్ వాయువు గూడ పుట్టును.

లైపేజు నూనెకును నీటికిని నడుమనుండు సరిహద్దునందే పనిచేయును. బెల్లపు అచ్చుకంటె బెల్లపుపొడి త్వరగా కరగునట్లు, ముద్దకట్టిన క్రొవ్వుకంటె చిన్న బిందువులుగా చెదరిన నూనె త్వరగా జీర్ణమగును.

మన క్లోమరసము క్రొవ్వును విడదీయుటను ఫ్రాన్సు దేశీయుడగు క్లాడ్ బెర్నార్డు 1856లో విశదపరచెను. బాక్టీరియాలు గూడ లైపేజును స్రవించునని హాలెండు దేశీయుడగు ఐక్మన్ 1901లో గమనించెను. మరపట్టిన బియ్యమునకును బెరిబెరి వ్యాధికిని గల సంబంధమును చూపి 1929లో నోబెలు బహుమానమును పంచుకొన్న వాడీయనయే. 1988 నుండి లిపోలేజు అను పేర నిట్టి ఎంజైము బట్టలుదుకు పొడులలో కలుపబడుచున్నది.

విస్సన్నపేటకు ఈశాన్యమున అశ్వారావుపేటలో పామాయిలు మిల్లు గలదు. తూర్పున ఏలూరు చెంత పెదవేగిలో 1995లో ఆయిల్‌పామ్ పరిశోధన కేంద్రము నెలకొల్పబడినది. ఈ పంటయందు లైపేజు శత్రువు, మిత్రము గూడ. కోసిన గెలలు నిలువయున్నచో పండ్లలోని లైపేజే నూనెను విడదీసి పాడుచేయును. అందుచే కోసిన యొకదినములోగా గెలలను మిల్లునకు చేర్చి ఆవిరిపై ఉడికించి దానిని అణచవలెను. నూనె తీసిన పిమ్మట మిగులు మురుగునీటియందు మాత్రము అదియే కావలెను. ఆ నీటిలో లీటరునకు సుమారు 4,000 మిల్లీగ్రాముల జిడ్డుండును. మన దేశపు నిబంధనల ననుసరించి వాగులలోనికి విడుచు నీటిలో అది 10 మిల్లీగ్రాములు మించరాదు. కావున మొదట తేలిన నూనెను తీసివేసి, నీటిని గుంటలలో నిలిపి, సూక్ష్మజీవులచే శుద్ధిచేయింతురు.

ఇక రెండు హెచ్చరికలు. కిరసనాయిలు క్రొవ్వు కాదు. దానిని లైపేజు విడదీయజాలదు. దానిని తినునవి వేరు ఎంజైములుగల సూక్ష్మజీవులు. మరియు, తూములో లైపేజును మాత్రము పోసినంతనే శుద్ధి కాదు. విడివడిన క్రొవ్వు ఆమ్లములు నీటిలోని సున్నముతో కలిసి మరియొకచోట గట్టిపడవచ్చును. వానిని తిని ముగించుటకు ప్రాణముగల సూక్ష్మజీవులే యుండవలెను. వానికి వ్యవధియు గాలియు కావలెను.

కాబట్టి బాలబాలికలారా, మూకుడు కడుగుటకు ముందు దాని జిడ్డును పొట్టుతోగాని ఎండుటాకుతోగాని తుడిచి ఎరువుగుంటలో వేయుడు. గాలిగల మంటిలో కొలదిపాటి జిడ్డును సూక్ష్మజీవులు సులభముగా జీర్ణించును. అదే జిడ్డు తూములో పడినచో మనకు భారము, చెరువునకు చేరినచో చేపలకు ప్రాణాపాయము.