కంప్యూటరు నకళ్ళకు వేళలు



పొలం కాగితాలకు ఒక నకలు తీయించి వేరేచోట దాచుకోవడం మనకు అలవాటే. కంప్యూటరులో ఉన్నవాటికీ ఆ జాగ్రత్త కావాలి. హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, రాయగడలోనైనా మన పిల్లల మార్కుల పట్టికలు, సంఘాల జమాఖర్చులు, అమ్మమ్మలు పాడగా రికార్డు చేసుకున్న తెలుగు పాటలు ఇవాళ కంప్యూటర్లలోనే ఉంటున్నాయి. డిస్కు చెడిపోతే పట్టికలు మళ్ళీ రాసుకోవచ్చు. ఆ పాటలు మళ్ళీ పాడేవారు ఉండకపోవచ్చు.

ఇలా దాచే నకలునే బ్యాకప్ అంటారు. విండోస్‌లో ఇందుకు ఫైల్ హిస్టరీ అనే సదుపాయం ఉంది. బయటి హార్డ్ డిస్కు తగిలించి, కంట్రోల్ ప్యానెల్‌లో దాన్ని ఆన్ చేస్తే చాలు, మారిన ఫైళ్ళను గంటకొకసారి దానంతటదే నకలు తీస్తుంది. ఆ గంటను మనం మార్చుకోవచ్చు. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో 10 నిమిషాల నుంచి రోజుకొకసారి దాకా ఎంచుకునే వీలుంది. ఆపిల్ వారి మ్యాక్‌లో దీని పేరు టైమ్ మెషీన్. 2022లో వచ్చిన వెంచురా నుంచి అందులో గంట, రోజు, వారం అని ఎంచుకోవచ్చు.

మరి ఎంత వ్యవధి పెట్టుకోవాలి? "ఎంతసేపటి పని పోతే మళ్ళీ చేసుకోగలను?" అని మిమ్మల్ని మీరే అడగండి. పరీక్షల రోజుల్లో మార్కులు ఎక్కించేవారికి 10 నిమిషాలు మేలు. ఎప్పుడో ఒక ఉత్తరం టైపు చేసుకునేవారికి రోజుకొకసారి చాలు.

పాత నకళ్ళు ఎన్నాళ్ళుంచాలో కూడా అక్కడే చెప్పాలి. చెప్పకపోతే విండోస్ అన్నిటినీ ఉంచుతూ పోతుంది, డిస్కు నిండిపోతుంది.

కొన్ని ప్రోగ్రాములు రాత్రి రెండింటికి అన్నట్లు వేళ అడుగుతాయి. ఆ వేళకు కంప్యూటరు ఆపి ఉంటే నకలు పడదు. కనుక మీ ఊళ్ళో కరెంటు ఉండే వేళ, మీరు పనిచేసే వేళ పెట్టండి. ఇంకొక మాట. ఫైల్ హిస్టరీ డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ వంటి చోట్లనే చూస్తుంది. డి డ్రైవులో విడిగా పెట్టిన ఫోల్డరును మనం లైబ్రరీలో చేర్చితేనే దానికి నకలు పడుతుంది.

ఎప్పుడూ తగిలించి ఉంచిన డిస్కుకు వైరస్ కూడా సోకవచ్చు. అందుకే నెలకొకసారి రెండో డిస్కులో నకలు తీసి, విడదీసి, వేరే ఇంట్లో ఉంచండి. అదే రోజు నకలులోంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. తెరుచుకుంటేనే నకలు ఉన్నట్లు లెక్క.