వాకిటనే వైరస్‌ను నిలిపే మందులు

గౌతమీ తీరాన ఉన్న కపిలేశ్వరపురం వంటి ఊళ్ళలో పెరిగినవారికి రేవుకు పడవ చేరే తీరు తెలియనిది కాదు. ఒడ్డును తాకినంతనే పడవలోనివారు ఊరిలో ప్రవేశించినట్లు కాదు. తాడు గుంజకు బిగియాలి, బల్ల వేయాలి, ఆ పిమ్మటనే అడుగు నేలపై పడుతుంది. హెచ్.ఐ.వి. మానవ కణంలో ప్రవేశించే విధానమూ ఇంచుమించు ఇటువంటిదే.

ఈ వైరస్ ముఖ్యంగా ఆశ్రయించేది సి.డి.4 కణాలను. ఇవి మన రోగనిరోధక సేనకు నాయకుల వంటివి. దొంగ కాపలాదారు ఇంటినే ఎంచుకొన్నాడన్నమాట! వైరస్ పైపొర మీది జి.పి.120 అనే ప్రోటీను మొదట కణంపై ఉన్న సి.డి.4 గ్రాహకాన్ని పట్టుకొంటుంది. అంతమాత్రాన తలుపు తెరుచుకోదు. సి.సి.ఆర్.5 లేదా సి.ఎక్స్.సి.ఆర్.4 అనే మరొక గ్రాహకం తోడు కావాలి. (వీటికి తెలుగులో పేర్లు కుదరలేదు, ఉన్న పేర్లతోనే పిలుద్దాం.) ఈ సంగతి 1996లో వెల్లడైంది. చివరకు జి.పి.41 అనే ప్రోటీను ముడుచుకొని, వైరస్ పొరను కణం పొరతో కలిపివేస్తుంది.

తొలి మందులన్నీ శత్రువు లోపలికి వచ్చాక పోరాడినవే. హైదరాబాదులోని ఐ.ఐ.సి.టి.లో డాక్టర్ ఎ.వి.రామారావు బృందం తయారీ పద్ధతిని రూపొందించగా, సిప్లా సంస్థ మన దేశంలో అందించిన జిడోవుడిన్ ఆ కోవలోనిదే.

వాకిటనే అడ్డగించే మందులను ప్రవేశ నిరోధకాలు అంటారు. 2003లో అమెరికాలో అనుమతి పొందిన ఎన్ఫువిర్టైడ్ జి.పి.41ను ముడుచుకోనివ్వదు. అయితే దానిని రోజుకు రెండుసార్లు సూదిమందుగా తీసుకోవాలి. నిత్యం అది ఎంత కష్టమో ఊహించండి. 2007లో వచ్చిన మారావిరాక్ మాత్ర రూపంలో లభించింది. దీని విశేషమేమంటే, ఇది వైరస్‌ను కాక మన కణంపైని సి.సి.ఆర్.5నే మూసివేస్తుంది. తల్లిదండ్రులిరువురి నుండీ లోపించిన సి.సి.ఆర్.5 జన్యువును పొందినవారికి హెచ్.ఐ.వి. సోకడం చాలా అరుదని, అయినా వారు ఆరోగ్యంగానే ఉంటారని అంతకుముందే తేలింది. ఈ ఆలోచనకు బలం అక్కడిదే. కాని వైరస్ సి.ఎక్స్.సి.ఆర్.4 వాకిలిని వాడుకొనేదైతే ఈ మందు నిష్ఫలం. కనుకనే ముందుగా రక్తపరీక్ష తప్పదు.

2018లో ఇబాలిజుమాబ్, 2020లో ఫోస్టెమ్సవిర్ వచ్చినా, అవి ఇతర మందులకు లొంగని వ్యాధికే పరిమితం. 2004 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో ఆరంభమైన ఉచిత చికిత్సలో నేడు ప్రధానంగా ఇచ్చేది కణం లోపల పనిచేసే మూడు మందులను కలిపిన ఒకే మాత్ర. దానిని క్రమం తప్పక వేసుకొంటూ, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే నిలిచి ఉన్నవారి నుండి లైంగిక సంపర్కం ద్వారా ఇతరులకు వ్యాధి సంక్రమించదు.