మరణదండనము

హత్య చేసినవానిని ప్రభుత్వము చంపవచ్చునా యను ప్రశ్న చిరకాలమునుండి పెద్దలను బాధించుచున్నది. ఇరుపక్షముల వాదములను విద్యార్థులకు సంగ్రహముగా తెలిపి, పిమ్మట మా యభిప్రాయమును విన్నవింతుము.

ఉరిశిక్ష యుండవలెననువారు మూడు కారణములు చెప్పుదురు. చేసిన ఘోరమునకు తగిన ఫలము ముట్టవలెను. ఉరికంబపు భయము ఇతరులను మరలింపవలెను. హతుల బంధువుల కడుపుకోతకు న్యాయము జరుగవలెను. ఈ మాటలను తేలికగా త్రోసివేయరాదు. 1993వ సంవత్సరమున చిలకలూరిపేటకు పోవుచున్న బస్సును దోచుకొనదలచిన యిరువురు పెట్రోలు పోసి నిప్పంటింపగా 23 మంది సజీవదహనమైరి. 1998లో రాష్ట్రపతి ఆ యిరువురి యురిశిక్షను యావజ్జీవశిక్షగా మార్చిరి. మృతుల బిడ్డలకు క్షమాగుణమును బోధించుటకు మనమెవరము?

ఉరి వలదనువారిలో ఇటలీ దేశీయుడగు బెకారియా ముఖ్యుడు. శిక్షయొక్క క్రూరత్వముకంటె, అది తప్పక కలుగునను నమ్మకమే నేరములను అరికట్టునని యతడు 1764లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. హత్యను నిషేధించు చట్టము తానే మనుష్యుని చంపుట విపరీతమని యతని మతము.

వీనికంటె బలమైన హేతువు మఱియొకటి గలదు. మానవుని తీర్పు పొరపడవచ్చును. లండను నగరమున టిమోతీ ఈవాన్సు అనునతడు తన శిశువును చంపెనని 1950లో ఉరితీయబడెను. క్రింది యంతస్తున నున్న క్రిస్టీయే హంతకుడని యతడు మొఱపెట్టుకొన్నను, జూరీవారు క్రిస్టీ సాక్ష్యమునే నమ్మిరి. 1953లో ఆ క్రిస్టీ యింటను, తోటలోను పలువురు స్త్రీల శవములు బయల్పడెను. 1966లో ఈవాన్సునకు క్షమాపత్రము లభించెను. కాని దాని నందుకొనుటకు అతడు లేడు. బ్రిటనులో హత్యానేరమునకు ఉరిని 1965లో నిలిపివేసి, 1969లో ఆ నిలుపుదలను శాశ్వతము గావించిరి.

మన దేశమునను చట్టము క్రమముగా మెత్తబడినది. 1955కు పూర్వము హంతకునకు ఉరి విధింపనిచో న్యాయాధిపతి కారణము వ్రాయవలసియుండెను. 1973 నాటి శిక్షాస్మృతి విధానము దీనిని తలక్రిందులు చేసి, ఉరి విధించుటకే ప్రత్యేక కారణములు కావలెననెను. 1980లో బచన్‌సింగు వ్యాజ్యమున సుప్రీంకోర్టు అత్యంతారుదమగు సందర్భములందే ఉరి తగునని తీర్పుచెప్పగా, అయిదుగురిలో నొకరగు భగవతిగారు ఉరియే రాజ్యాంగవిరుద్ధమని భిన్నాభిప్రాయమిచ్చిరి. 2015లో లా కమీషనువారు ఉగ్రవాదము, దేశముపై యుద్ధము తప్ప ఇతర నేరములకు దీనిని తొలగింపుమనిరి. అయినను 2024 జూలై 1 నుండి అమలులోనున్న న్యాయసంహితయందును ఉరిశిక్ష నిలిచియున్నది.

నిస్సందేహముగా దోషియైనవానికి మాత్రమే ఉరి యని కొందఱందురు. ఈవాన్సు విషయమునను ఆనాటి జూరీకి సందేహము లేకపోయెను. దోషికొక ఉరికంబము, నిర్దోషికొక ఉరికంబము వేఱుగా లేవు. చెఱసాల తలుపును మఱల తెఱవవచ్చును. తీసిన ప్రాణమును మఱల పోయలేము. క్రూరుని జీవితాంతము చెఱలో నుంచిన లోకమునకు రక్షణయు, నేరమునకు శిక్షయు కలుగును. దిద్దుకొనరాని శిక్షను తప్పులుచేయు మానవుని చేతి కీయరాదని మా యభిప్రాయము.