జేబు కెమెరా, విశాఖ దుమ్ము

పూర్ణా మార్కెట్‌లో పెద్ద కెమెరా మెడలో వేసుకుని నాలుగడుగులు వేస్తే చాలు, "ఏ ఛానలు బాబూ?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఉల్లిపాయలు తూస్తున్నాయన తూకం ఆపి, చొక్కా సర్దుకుని నిలబడతాడు. ఇక ఆ ఫొటో తీసినా ఒకటే, తీయకపోయినా ఒకటే. ఇంట్లో మంచి కెమెరా ఉన్నవాళ్లు కూడా జేబులో పట్టే రెండోదాని కోసం వెతికేది ఇందుకే.

ఈ వెతుకులాటకు వందేళ్లు దాటింది. జర్మనీలోని వెట్స్‌లార్‌లో, మైక్రోస్కోపులు చేసే లైట్స్ కంపెనీ ఉద్యోగి ఆస్కార్ బార్నాక్‌కి ఉబ్బసం. గాజు పలకల కెమెరాలు మోసుకు తిరగడం ఆయన వల్ల కాలేదు. 1913-14 ప్రాంతంలో సినిమా ఫిల్మును అడ్డంగా నడిపించి, రెండు సినిమా ఫ్రేముల జాగాను ఒక్క ఫొటోకి వాడేశాడు. 18×24 మిల్లీమీటర్లు కాస్తా 24×36 అయింది. ఇవాళ మనం 'ఫుల్ ఫ్రేమ్' అంటున్న కొలత అదే. మధ్యలో ప్రపంచ యుద్ధం వచ్చిపడి, 1925లో గాని ఆ కెమెరా లైకా పేరుతో జనం ముందుకు రాలేదు.

నాకు ముచ్చటేసేది మాత్రం దాని లెన్స్ గొట్టం. ఫొటో తీసేముందు బయటికి లాగి బిగించాలి, పనయ్యాక లోపలికి నెట్టెయ్యాలి. లెన్స్‌కీ ఫిల్ముకీ మధ్య ఉండి తీరాల్సిన దూరాన్ని జేబులో ఉన్నంతసేపు మాయం చేసే ఉపాయమది. 1966లో వచ్చిన రోలీ 35దీ ఇదే కిటుకు. తర్వాత చేత్తో లాగే పని మోటారు తీసుకుంది. రికో కంపెనీ జీఆర్ వరసలో తొలి ఫిల్ము కెమెరా 1996లో, డిజిటల్‌ది 2005లో వచ్చాయి. 2013లో పెద్ద కెమెరాల్లో వాడే ఏపీఎస్-సీ సెన్సర్ అందులోకి దూరింది. 2019 నాటి జీఆర్ 3 బ్యాటరీతో కలిపి 257 గ్రాములే.

వీధిలో దీని బలం వేగం. ఫోకస్‌ను ముందే 2 మీటర్ల దగ్గర నిలిపి, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్8కి తగ్గిస్తే మీటరు దూరం నుంచి దాదాపు ఇరవై మీటర్ల దాకా అంతా స్పష్టంగానే వస్తుంది. కూర్మన్నపాలెం గేటు దగ్గర షిఫ్టు దిగి బస్సు కోసం పరిగెత్తే స్టీల్‌ప్లాంటు మనిషిని తీయడానికి ఆటోఫోకస్ కోసం ఆగక్కర్లేదు.

చిక్కు విశాఖ గాలితోనే. గొట్టం బయటికి వచ్చిన ప్రతిసారీ కెమెరా లోపల జాగా పెరిగి, సైకిల్ పంపులా బయటి గాలిని పీలుస్తుంది. వన్‌టౌన్‌లో ఆ గాలి ఎలాంటిదో డాబా మీద బట్టలారేసుకునేవాళ్లను అడగండి: ఇనుప ఖనిజం, బొగ్గు, ఉప్పు తేమ. బైలదిల్లా ఖనిజాన్ని మన పోర్టుకు చేర్చి జపానుకు పంపడానికే 1960లలో కిరండూల్ రైలు మార్గం వేశారు. ఖనిజం అక్కడికి వెళ్లింది, కెమెరాలు అక్కడి నుంచి వచ్చాయి, దుమ్ము మనకు మిగిలింది!

లోపల సెన్సర్ మీద వాలిన నలుసు ఎఫ్2.8లో కనిపించదు. వెలుతురు వెడల్పాటి రంధ్రం గుండా పలు కోణాల్లో వచ్చి దాని నీడను చెదరగొడుతుంది. ఎఫ్11కి తగ్గిస్తే నీడ చిక్కబడి ఆకాశంలో నల్లచుక్కలా తేలుతుంది. లెన్స్ ఊడదు కాబట్టి మనం ఊదలేం, నలుసు మొండిగా అంటుకుంటే కెమెరా విప్పించాల్సిందే.

ఫ్యూజీ ఎక్స్100వీ లెన్స్ గొట్టం ఇలా పొడవునా బయటికి రాదు. ప్రత్యేక రింగూ ఫిల్టరూ బిగిస్తే దుమ్మూ చినుకులూ తట్టుకుంటుంది. కానీ 478 గ్రాములు. ప్యాంటు జేబులో ఇమడదు. రోజూ ఫిషింగ్ హార్బర్‌కో బీచ్‌కో వెళ్లేవారికి అదే నయం. మార్కెట్లూ సందులూ చాలనుకుంటే నా ఓటు జీఆర్‌కే. సిలికా జెల్ పొట్లంతో జిప్ సంచిలో పెట్టండి. ఏసీ గదిలోంచి తెచ్చిన వెంటనే ఆన్ చేయకండి, లెన్స్ మీద ఆవిరి పడుతుంది. ఫొటోలు తీయకూడని నేవీ గోడల దగ్గర మాత్రం ఏ కెమెరా అయినా సంచిలోనే ఉంచండి.

సెకండ్‌హ్యాండ్ కొంటున్నారా? ఎఫ్16 పెట్టి, ఫోకస్ వదిలేసి తెల్లటి ఆకాశాన్ని ఒక్కటి తీసి, తెరమీద పెద్దది చేసి చూడండి. చుక్కలుంటే విప్పి తుడిపించే ఖర్చు ధరలో తగ్గించమనండి. ఒప్పుకోకపోతే వదిలేయండి.