హైటెక్ సిటీలో రోడ్డు ఎందుకు చాలట్లేదు?

1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. తర్వాత ఆఫీసులన్నీ ఆ చుట్టుపక్కలకే చేరినయి. అందరూ ఒకే టైముకు పోవాలె, ఒకే టైముకు రావాలె. మరి రోడ్డు ఇరుకు కాదా?

చిన్న లెక్క చూడండి. సిటీ బస్సు పొడవు దాదాపు 12 మీటర్లు. సుమారు 40 మంది కూర్చుంటారు. ఆ 40 మంది తలా ఒక కారులో బయలుదేరితే? కారు 4 మీటర్లు, మధ్యలో సందు 2 మీటర్లు. 40 × 6 = 240 మీటర్లు! (లెక్కల సారు సరిచూడవచ్చు.)

మైండ్‌స్పేస్ దగ్గర 2018లో, బయోడైవర్సిటీ చౌరస్తాలో 2019లో ఫ్లైఓవర్లు వచ్చినయి. కానీ దారి సాఫీ అయితే ఇంకొందరు కార్లు బయటికి తీస్తారు గదా!

ఎంఎంటీఎస్ రైలు 2003లో మొదలైంది. మెట్రో 2019 మార్చిలో హైటెక్ సిటీకి, నవంబరులో రాయదుర్గానికి చేరింది. రైలు మంచిదే. దిగినాక ఆఫీసు దాకా నడవడమే అసలు కష్టం. ఫుట్‌పాతు మీద బండ్లు నిలుపుతారు, రోడ్డు దాటాలంటే భయం. అందుకే చాలామంది "కారే నయం" అంటారు. నా ఉద్దేశంలో ఫ్లైఓవరు కన్నా ముందు మంచి ఫుట్‌పాతు వేయాలి.

ఆ అద్దాల మేడలు ఊడ్చే అక్కలకు, గేటు కాడి వాచ్‌మన్ అన్నలకు కారెక్కడిది? 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. పైసలు మిగిలినయి, కానీ బస్సు కూడా కార్ల నడుమనే ఇరుక్కుంటది. ఆలస్యమైతే మాట పడేది వాళ్ళే. బస్సుకు వేరే దారి ఇవ్వొచ్చు. అహ్మదాబాదులో 2009 నుండి కొన్ని రోడ్ల నడుమ అట్లాంటి దారి ఉంది.